కుర్చీలో కెమెరా

మహమూద్ చిచ్చా తీసిన నా పెళ్లిఫోటోలో నేను కోపంగా ఉంటాను. చూసినవాళ్లు పెళ్లి ఇష్టం లేదేమో అనుకుంటారు. పెళ్లి ఇష్టమే. కోపమంతా చిచ్చా మీద. డెబ్బై రెండులో, నడి ఎండాకాలం. ఒంటి మీద పట్టుచీర, మెడలో దండ, మొహం మీద రెండు పెద్ద లైట్లు. ఆయన నల్లగుడ్డలో తల దూర్చి, "హిల్నా నక్కో బిడ్డా! కదలొద్దు. ఊపిరి బిగవట్టు" అన్నాడు. బిగపట్టాను. గుడ్డలోంచి బయటికొచ్చి మా ఆయన గడ్డం కాస్త పైకెత్తి, మళ్లీ లోపలికి దూరాడు. మళ్లీ బిగపట్టాను. మళ్లీ బయటికొచ్చి నా కొంగు సర్దుకోమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "చిచ్చా, నేను మనిషినా, ఇత్తడి బిందెనా?" అన్నాను. సరిగ్గా అప్పుడే నొక్కాడు.

కొత్త పెళ్లికూతురు అంత మాట అన్నందుకు మా అత్త చాలా రోజులు మూతి ముడుచుకుంది. చిచ్చా మాత్రం ఆ ఫోటో ఇంకో ప్రతి తీసి స్టూడియో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లకల్లా చూపించి, "వరంగల్ మొత్తంల అసలు మొహంతోటి ఫోటో దిగింది గీ సరస్వతి ఒక్కతే" అని నవ్వేవాడు.

మట్టెవాడ బజారులో మాది ఇత్తడి సామాన్ల దుకాణం. ఎదురుగానే చిచ్చా స్టూడియో. గిరాకీ లేనప్పుడు గుమ్మం ముందు చేతుల కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వచ్చేపోయేవాళ్లు సలామో నమస్తేనో పెట్టకుండా ఆ కుర్చీని దాటేవాళ్లు కాదు. ఆయన పాత కెమెరా మహా నిదానం. కాస్త కదిలినా బొమ్మ చెదిరిపోయేది. అందుకని బజారు మొత్తానికి కదలకుండా నిలబడడం నేర్పాడు. పరీక్ష ఫోటోకు వచ్చిన పిల్లలకు, కొత్త జంటలకు, పళ్లు లేని ముసలివాళ్లకు, అందరికీ అదే పాఠం. తర్వాత మంచి కెమెరా కొన్నాడు. అయినా పాఠం మారలేదు. బజారులో ఆయన చెయ్యి పైకెత్తితే చాలు, ఎక్కడివాళ్లం అక్కడ బొమ్మల కొలువులా నిలబడిపోయేవాళ్లం. నేను తప్ప. నా కాలు ఒక్కచోట నిలవదని మా అమ్మే అనేది.

ఘోషా ఇళ్ల ఆడవాళ్లు మగవాడి ముందు ఫోటో దిగరు కదా. అందుకని కూతురు వజీరాకు చిన్నప్పుడే కెమెరా నేర్పాడు. భర్త చనిపోయాక ఆమె పుట్టింటికే వచ్చేసింది. పరదా లోపల ఆడవాళ్ల ఫోటోలు వజీరా తీసేది, పరదా బయట చిచ్చా తీసేవాడు. ఆ పిల్ల నోట్లో నాలుక లేని మనిషి. అంత మెత్తని మనిషికి అంత పట్టుదల ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎనభై మూడు వానాకాలంలో చిచ్చాకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. దవాఖానలో డాక్టరు భయపడొద్దన్నాడు. "కాలు మళ్ల పనిచేస్తది. కని మంచం పట్టుకోని ఉంటె మాత్రం బిగుసుకపోతది. కూసోబెట్టుండ్రి, నడిపియ్యుండ్రి, నలుగుట్ల మాట్లాడియ్యుండ్రి" అని మరీ మరీ చెప్పి పంపాడు.

కూర్చుంటేగా! ఇంటికి రాగానే మంచం డార్కురూములో వేయించుకున్నాడు. స్టూడియో వెనక, ఫోటోలు కడిగే చీకటి గది అది. మాట కాస్త ముద్దగా వచ్చినా మాట్లాడగలడు. కానీ మాట్లాడడు. వజీరాతో ఒకే ఒక్క మాట అన్నాడట, "నా మూతి ఎవ్వరికి చూపియ్యకు" అని. ఊరందరి మొహాలూ గడ్డం పట్టుకుని నిలబెట్టిన మనిషి తన మొహం గోడకు తిప్పుకున్నాడు. చూడడానికి వచ్చినవాళ్లను వచ్చినట్టే పంపించేశారు. మా ఆయన లక్ష్మీనారాయణ రెండుసార్లు వెళ్లి గుమ్మం దగ్గర నుంచే తిరిగొచ్చాడు. నేను మాత్రం జొన్నజావ పట్టుకుని తోసుకుంటూ వెళ్లేదాన్ని. "మొహం చూడను పో, జావ తాగు" అంటే గోడవైపు తిరిగే తాగేవాడు. చలికాలం వచ్చేసరికి ఆ కాలు సన్నబడిపోయింది. దుప్పటి కింద అది కనిపించినప్పుడల్లా నా గుండె తరుక్కుపోయేది.

అప్పుడే వజీరా మేనమామ కువైట్ నుంచి వచ్చాడు. పెళ్లిళ్లకు పనికొస్తుందని చేతిలో పట్టేంత సినిమా కెమెరా, దాంతోపాటు చిన్న ప్రొజెక్టరు, ఒకే ఒక్క రీలు తెచ్చాడు. ఆ కెమెరాలో ఒక మీట ఉంది. దాంతో నొక్కితే సినిమా పరుగెత్తదు, ఒక్క బొమ్మ మాత్రం పడుతుంది. కాసేపాగి మళ్లీ నొక్కితే ఇంకొకటి. రోజంతా అలా నొక్కి, తర్వాత అన్నీ కలిపి ఒక్కసారి ఆడిస్తే రోజు మొత్తం నిమిషాల్లో గడిచిపోతుందట. టాకీసులో ఆటకు ముందు వేసే న్యూస్‌రీలులో నేనూ చూశాను, పత్తిమొగ్గ చూస్తుండగానే విచ్చుకుంది. అదేదో గారడీ అనుకున్నాను.

ఒకరోజు పొద్దున వజీరా మా దుకాణం మెట్టు మీద కూర్చుంది.

"సరస్వతక్కా, అబ్బ బజారుకు రాడు. బజారునే అబ్బ దగ్గరికి తీసుకపోత" అంది.

"పిచ్చి లేసిందా నీకు? గంపల ఎత్తుకపోతవా?"

"పొద్దున దుకాణాలు తెరిచినప్పటి సంది దీపాలు పెట్టేదాక తీస్త. అబ్బ కూసునే కుర్సిల పెట్టి తీస్త. బజారు ఎప్పటిలెక్క నడుస్తాందని చూస్తె, జర మనసైతదేమో. గీ నెల దాటితె కాలు ఇగ రాదన్నడక్కా డాక్టరు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కటే రీలున్నది."

ఇక నేనేమంటాను! కానిమ్మన్నాను.

మర్నాడు చిచ్చా కుర్చీని ఎప్పటి చోట వేసింది. దాని మీద రెండు ఇటుకలు పేర్చి, కెమెరా పెట్టి, సుతిలితాడుతో కదలకుండా కట్టింది. సరిగ్గా చిచ్చా కళ్లుండే ఎత్తు. కెమెరాకు ఒక వైరు తగిలించి, దాని చివర మీట చేత్తో పట్టుకుని పక్కన పీట మీద కూర్చుంది. చిన్న దువా ఒకటి పెదాల మీదే చదువుకుంటుంది, అయిపోగానే టిక్‌మని నొక్కుతుంది. మళ్లీ దువా, మళ్లీ టిక్. ఆమె నమాజుకు వెళ్లినప్పుడు, తిండికి వెళ్లినప్పుడు వైరు నా చేతికిచ్చేది. నాకు దువా రాదు కాబట్టి నేను గోవిందనామాలు చెప్పుకుంటూ నొక్కాను. దేవుడు దేవుడే, లెక్క తప్పకపోతే చాలు.

లెక్క తప్పలేదు గానీ కొంప వేరేచోట మునిగింది. కుర్చీలో కెమెరా కనబడగానే పూలమ్మే చిలుకమ్మ గంప దించి, కొంగు నిండా కప్పుకుని నిటారుగా నిలబడింది. నాలుగైదు టిక్‌లు అయ్యాకే గంప ఎత్తుకుంది. ఆమె వెనకాల ఇంకొకరు. రిక్షా నబీ సవారీతో సహా బండి ఆపేశాడు. సవారీ కూడా చేతులు కట్టుకుని కెమెరావైపే చూస్తోంది. బడిపిల్లలు వరసగా నిలబడ్డారు. వజీరా పీట మీది నుంచి, "ఆగొద్దు, మీ పనుల మీరు పోండ్రి" అని గొంతు పోయేలా బతిమాలింది. వినేవాళ్లేరీ!

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. రోడ్డు మీదికి దిగాను. "ఏమయ్యా నబీ, నీకు చెవులున్నయా? నడుస్తాంటే తియ్యాల్నట. నడువు!"

"గదెట్లక్కా?" నబీ నిజంగానే తెల్లబోయాడు. "చిచ్చా కుర్సిలకెల్లి కెమెరా చూస్తాంటె కదులుకుంట పోవాల్నా? చిచ్చాకు తెలిస్తె నన్ను బతకనిస్తడా?"

మా ఇంటాయన సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున దుకాణం తెరిచి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని గడ్డం పైకెత్తి కూర్చున్నవాడు దీపాలు పెట్టేదాకా అలాగే ఉన్నాడు. గిరాకీ వస్తే కళ్లతోనే బిందెలు చూపించాడు. సాయంత్రానికి నేను ఒక్కొక్కరితో పోట్లాడి పోట్లాడి గొంతు బొంగురుపోయి కూలబడ్డాను. రీలు అయిపోయింది. వజీరా కుర్చీకి కట్టిన తాడు విప్పి, కెమెరా లోపలికి పట్టుకుపోయింది.

రీలు కడిగేది బొంబాయిలో. పోస్టులో వెళ్లి పోస్టులో రావాలి. వజీరా రోజూ పోస్టుమాన్ కోసం కాలుగాలిన పిల్లిలా తిరిగింది. లోపల చిచ్చా అన్నం కూడా సగమే తింటున్నాడు. నెల ముగిసిపోవస్తోంది. నేను దండం పెట్టని దేవుడు లేడు.

చివరికి రీలు వచ్చింది. పట్టపగలే అయినా డార్కురూములో కావలసినంత చీకటి. చిచ్చా మొహం తిప్పుకుని పడుకున్న గోడ మీదే తెల్లదుప్పటి మేకులు కొట్టి కట్టాను. ఇంకెటు తిప్పుకుంటాడో చూద్దామని! ప్రొజెక్టరు గరగరమంది. వెలుగు పడింది.

మా దుకాణం తలుపులు తెరుచుకున్నాయి. నీడలు జరజరా పాకాయి. ఎండ బజారు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మా ఇత్తడి బిందెలు మెరిసి ఆరిపోయాయి. ఒక ఎద్దు నడిరోడ్డు మీద పడుకుని మాయమైపోయింది. ఇంతవరకు బాగానే ఉంది. మనుషులే! నడిచేవాడు ఒక్కడు లేడు. చిలుకమ్మ నిలబడి ఉంది, పోయింది. నబీ నిలబడ్డాడు, పోయాడు. పిల్లలు, కూలీలు, బుర్కాల్లో ఆడవాళ్లు, సంచులు పట్టుకున్న పల్లెటూరివాళ్లు, ఒకరి తర్వాత ఒకరు నిటారుగా నిలబడి సూటిగా చూస్తున్నారు. మా ఆయన పొద్దంతా రాయిలా కూర్చునే ఉన్నాడు, ఆయన చుట్టూ బిందెలే పెరిగి తరిగాయి.

వజీరా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఖరాబైంది అబ్బా. బజారు నడుస్తాంటె చూపియ్యాల్ననుకున్న. మొత్తం ఖరాబైంది" అని ప్రొజెక్టరు ఆపబోయింది.

"ఆపకు."

ఇన్ని నెలల్లో ఆ గది నుంచి నేను విన్న మొదటి మాట అది. చిచ్చా మోచెయ్యి మీద లేవడానికి చూస్తున్నాడు. వెనక నుంచి వెళ్లి ఎత్తి కూర్చోబెట్టాను. వద్దనలేదు. అంతలో దుప్పటి మీద అడ్డంగా, నిలువుగా, చేతులు ఊపుకుంటూ ఒక చీర గాలిదుమారంలా తిరిగింది. ఇటు కనిపిస్తే అటు, అటు కనిపిస్తే ఇటు. అది నేనే, అందరినీ తిడుతూ.

చిచ్చా వంకర మూతితోనే పకపకా నవ్వాడు. "ఈ సరస్వతి... ఎన్నడన్న... కదలకుంట నిలబడ్డదా!"

నవ్వి, ఆగి, మళ్లీ దుప్పటివైపు చూశాడు. "అందరు గిటే చూస్తాండ్రేంది? కెమెరా ఏడ పెట్టినవ్ బిడ్డా?"

"నీ కుర్సిల, అబ్బా" అంది వజీరా.

చిచ్చా దుప్పటివైపు ఇంకాస్త వంగాడు. గోడ మీద చిలుకమ్మ, నబీ, బడిపిల్లలు, ఊరూ పేరూ తెలియని బాటసారులు ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడి వెళ్తున్నారు. రీలు అయిపోయి తోక టపటపా కొట్టుకుంది. "మళ్ల ఎయ్యి" అన్నాడు. మళ్లీ వేసింది. మూడోసారి వేసేటప్పటికి ఏడుస్తున్నాడు. అయినా ఆ ఏడుపులోనే, "లక్ష్మీనారాయణ గడ్డం... జర దించాలె" అని తప్పు పట్టాడు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి? వజీరా తండ్రి కాళ్ల మీద తల పెట్టేసుకుంది.

"రేపు కుర్సి... నా జాగల ఎయ్యి" అన్నాడు చిచ్చా.

మర్నాడు మా ఆయన ఒక రెక్క, నబీ ఒక రెక్క పట్టుకుని బయటికి తెచ్చారు. కాలు ఈడుస్తూనే అయినా తన కాళ్ల మీదే వచ్చాడు. తువ్వాలతో మూతి కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. అంతే, బజారు మొత్తం నిలిచిపోయింది. చిలుకమ్మ గంప దించింది. సైకిళ్లు ఆగాయి. మా ఆయన మళ్లీ గడ్డం పైకెత్తాడు. అందరి కళ్లూ చిచ్చా మీదే.

చిచ్చా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తర్వాత మెల్లగా తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వంకర మూతి బజారు మొత్తానికీ కనిపించింది. ఒక్కరు కూడా చూపు తిప్పలేదు. ఎడమచెయ్యి పైకెత్తి, ముద్దమాటే అయినా గట్టిగా అరిచాడు.

"కదలుండ్రి! కదలుండ్రి అందరు! బేరాలు లేవా మీకు?"

ఆ మాట ఆయన నోటి వెంట మేమెవ్వరం ఎన్నడూ వినలేదు. ముందుగా నబీ గంట కొట్టాడు. రిక్షా కదిలింది, చిలుకమ్మ కదిలింది, బజారు నవ్వుకుంటూ, సలాములు పెట్టుకుంటూ ఆయన కళ్ల ముందు నడిచింది.

నేను మాత్రం నడిరోడ్డు మీద అలాగే నిలబడిపోయాను. చేతిలో జావ గిన్నె, కళ్ల నిండా నీళ్లు, కాలు అడుగు కదల్లేదు.

చిచ్చా నావైపు చూసి, "ఏందే సరస్వతీ" అన్నాడు. "ఇప్పుడు నిలబడ్డవా?"