ఆ బిళ్ల ఏ వైపు పెట్టాలో మేడమ్‌కు తెలుసు

పోయిన శుక్రవారం మా మేడమ్ కన్నుమూశారు. కబురు ఆఫీసు గ్రూపులో వచ్చింది. దాని కింద మొదటి దండం బొమ్మ పెట్టింది మా డైరెక్టరు. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నేను బాలానగర్‌లో లేతు మీద పనిచేసేవాణ్ణి. అద్దాలు బిగించే స్టాండు చేయించుకోవడానికి వచ్చిన మేడమ్, నన్ను హైటెక్ సిటీలోని తమ ల్యాబుకు తీసుకెళ్లారు. నాకు చదువు లేదంటే, "స్క్రూ ఎంత తిప్పాలో నీ చేతికి తెలుసు కదయ్యా, మిగతాది నేను చెబుతాను" అన్నారు.

చెప్పారు కూడా. రంగు పట్టించిన కణం మీద లేజరు పడితే అది మెరుస్తుంది. ఆ వెలుగు చుక్క ఎంత ప్రయత్నించినా ఒక హద్దు దాటి చిన్నదవదు. అందుకని దాని మీద గారె ఆకారంలో రెండో వెలుగు వేసేవారు. గారె పడినచోట మెరుపు ఆరిపోతుంది, చిల్లులో ఉన్నదే మిగులుతుంది. అప్పుడు కణంలోని సన్నటి పోగులు కూడా విడివిడిగా కనబడతాయి. వెలుగుకు ఆ రూపం ఇచ్చేది రూపాయి బిళ్లంత గాజు. రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కానీ తిరగేసి పెడితే చిల్లు పూడి, అంతా ఆరిపోతుంది. ఆ గాజు కుదరడానికి ఆవిడ ఏళ్ల తరబడి పడ్డ పాట్లు పక్కనుండి చూశాను. నాకింత పని వచ్చిందంటే ఆవిడ చలవే.

ఆవిడ జబ్బుపడి దవాఖానలో చేరగానే డైరెక్టరు ఆ పని తన పేరున వేసుకున్నాడు. పెద్దలు ల్యాబు చూడటానికి వచ్చిన రోజు ఆ గాజు బిళ్ల తిరగేసి పెట్టాడు. తెర నల్లబడేసరికి మంచం మీదున్న మనిషికి ఫోన్ చేశాడు. నేను అప్పుడు ఆ మంచం పక్కనే ఉన్నాను.

"రెండో వైపు తిప్పండి సార్, అంతే" అన్నారు మేడమ్, సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే ఫోన్ పట్టుకుని.

"ఎందుకు చెప్పిన్రు మేడమ్?" అన్నాను, ఆవిడ ఫోన్ పెట్టేశాక.

"బొమ్మ రావాలి కదయ్యా."

ఆవిడ క్షమించారు. నేను క్షమించలేదు. నా రోజువారీ పుస్తకంలో తేదీ, టైము రాసి పెట్టుకున్నాను.

సంతాప సభలో ఆయన మైకు పట్టుకుని, "నేను కనిపెట్టిన ఈ లైట్ బీమ్‌కు మేడమ్ చాలా హెల్ప్ చేశారు" అన్నాడు. పదిమందిలో నేనెప్పుడూ నోరు విప్పినవాణ్ణి కాదు. లేచి వెళ్లి, జేబులోంచి ఆ బిళ్ల తీసి ఆయన చేతిలో పెట్టాను.

"జర చెప్పుండ్రి సార్. ఇది ఏ దిక్కు పెట్టాలె?"

"ఏందయ్యా, ఇప్పుడా?"

"మీరు కనిపెట్టిందే కద సార్. ఫికర్ ఎందుకు?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. దండ వేసిన ఫోటో ముందు నిలబడి ఆయన బిళ్లను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, లైటుకు ఎత్తి చూశాడు.

బిళ్ల మళ్లీ నా చేతికి వచ్చింది. గాజు నడిమధ్యన ఆయన బొటనవేలి ముద్ర, చెమటతో, గీతలన్నీ తెలిసేలా. ఆ గాజు మీద ఆయనదంటూ ఉన్నది అదొక్కటే. తుడవబుద్ధి కాలేదు.