గూబ ఎగిరిపోయిన కొమ్మ

ఎనభైల మొదట్లో, అబుదాబి నుంచి అల్ ఐన్ వెళ్ళే టాక్సీలో నా పక్కన గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. తెల్లవాళ్ళ ఇంట్లో వంట చేసేదట. ఏసీకి నేను వణుకుతుంటే, "ఇదేం చలండి" అని నవ్వి, పర్సులోంచి ఒక ఫోటో తీసి చూపించింది. మంచు కప్పిన అడవి, ఒక కొమ్మ, దాని మీంచి రాలుతున్న మంచు.

"ఇందుల ఏమున్నదక్కా?"

"గుడ్లగూబ ఉండాలండి. మా దొరగారు ఓ చలికాలం నన్ను వాళ్ళ దేశం తీసుకెళ్ళారు. దాన్ని ఫోటో తియ్యాలని రోజూ అడవిలో కాపు కాసేవారు. నేను టీ పట్టుకెళ్ళానా, అప్పుడే వచ్చి వాలింది. మనింటి మీద వాలితే ఏం చేస్తామండి? నా చేతులు ఊరుకోలేదు. చప్పట్లు కొట్టి, హుష్ అని తోలేశాను. ఆయన కెమెరా నొక్కేసరికి కొమ్మే మిగిలింది."

"తిట్టిండా?"

"తిట్టినా బాగుండునండి. టీ బాగుందన్నారు. ఇక్కడ ఖాళీ చేసి వెళ్ళిపోతూ ఇది నాకిచ్చారు."

ఫోటోను కొంగుతో తుడిచి దాచుకుంది.

ఆ తర్వాత అల్ ఐన్‌లో నేను పనిచేసిన ఖర్జూరపు తోటలో గూబ వాలినప్పుడల్లా మావాళ్ళు చప్పట్లు కొట్టి తోలేవాళ్ళు. నాకు చేతులు వచ్చేవి కావు. అది ఎగిరిపోయాక, ఊగుతున్న మట్టనే చూస్తూ నిలబడేవాణ్ణి.