చుక్క పగ్గాలు

నా చిన్నప్పుడు నన్ను గుర్రం ఎక్కించినవాడూ, దించినవాడూ మా తాతయ్యే. ఆయన చీపురుపల్లి స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. బస్సులు పెరిగి బేరాలు తగ్గిపోవడంతో ఒక వేసవిలో మా గుర్రం చుక్కకి పనే లేకుండా పోయింది. ఒకరోజు తాతయ్య దాన్ని బండి నుంచి విప్పి, వీపున గోనెపట్టా మడిచి వేసి, నన్ను కూర్చోబెట్టాడు. ఆడపిల్లకి గుర్రమేటని నాయనమ్మ సణిగినా వినలేదు. ఆయనకి నేనంటే ఎంత ముద్దో అనుకుని మురిసిపోయాను.

కోసేసిన చేలల్లో రోజూ స్వారీ. చుక్క నడిచినంతసేపూ బాగానే ఉండేది. దౌడు అందుకోగానే నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. పడిపోతానన్న భయంతో పగ్గాలు పట్టుకుని వేలాడేదాన్ని. నోట్లో కళ్లెం ఒత్తుకుని అది తల ఎగరేసేది, అడుగు తప్పేది, నన్ను ఇంకా కుదిపేసేది.

"పగ్గం అట్టుకుని ఏలాడకే గుంటా. దాని రెండో కొస సుక్క నోట్లో ఉన్నాది. నడుం వదిలీ, అది ఊగినట్టు నువ్వూ ఊగు," అనేవాడు తాతయ్య.

ఒకనాటి ఉదయం ఎలాగో కుదిరింది. తొడలతో నిలదొక్కుకుని వేళ్లు వదులు చేశాను. చుక్క మెడ చాచి, ఉయ్యాల ఊగినట్టు దౌడు తీసింది. చేను చుట్టివచ్చి, మెప్పు కోసం తాతయ్య ముఖంలోకి చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. పక్కన గొడుగు పట్టుకు నిలబడ్డ పెద్దమనిషిని చూస్తున్నాడు.

"ఈ గుంట ఎక్కితేనే ఇంత కుదురుగా ఎల్తన్నాదంటే, ఇంక మావోడికి భయమేటి! తోలుకెళ్లిపోతాను," అన్నాడాయన. భోగాపురం వైపు రైతట. కొడుకు స్వారీకి సాధువైన గుర్రం కావాలట.

గొడ్డును అమ్మినా దాని పలుపుతాడు ఇవ్వకూడదని మా వైపు ఆనవాయితీ. తాతయ్య నన్ను దించి, కళ్లెం ఊడదీసి పగ్గాలతో సహా నా చేతిలో పెట్టాడు. రైతు తన తాడు కట్టి చుక్కని నడిపించుకుపోయాడు. నాకెందుకు చెప్పలేదని గుండెలవిసేలా ఏడ్చాను.

"సెప్తే ఇంత బాగా ఎక్కుదువేటే?" అన్నాడు తాతయ్య, నా వైపు చూడకుండా.

ఎక్కేదాన్ని కాదు. కావాలనే పగ్గం లాగి, చుక్క తల విదిలించేలా చేసేదాన్ని. ఆ సంగతి ఆయనకి తెలిసినందుకే నాకు మరీ మండింది. పరాయివాడు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. నేను నేర్చుకున్న విద్యతోనే నా గుర్రాన్ని సాగనంపాడు మా తాతయ్య. మిగిలిన వేసవంతా ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేదు.

మనవలకి సైకిలు నేర్పేటప్పుడు నేనూ చేతులు వదులు చెయ్యమనే అంటాను. ఆయన చెప్పిన విద్యలో అబద్ధం లేదు. కానీ ఎవరైనా నన్ను భేష్ అంటే మాత్రం, ఈ వయసులోనూ ఓసారి పక్కకి చూస్తాను, గొడుగు పట్టుకుని ఎవరైనా నిలబడ్డారేమోనని.