టాంటీ ఇస్మే పేరులేని డబ్బాలు

టాంటీ ఇస్మేకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. లేబులు కనిపిస్తే చాలు, పీకెయ్యాలి. సీసా మీదది, డబ్బా మీదది, చొక్కా కాలరు లోపలిది, ఆఖరికి మందుబిళ్ళల బుడ్డి మీదది కూడా. "తలనొప్పికి వేసుకున్నావా, విరేచనాలకు వేసుకున్నావా?" అని డాక్టరు అడిగితే, "వేసుకున్నాక తెలిసొచ్చింది," అన్న మనిషి. ఆవిడ ఇంట్లో ఒక ముసలి పిల్లి ఉంది. దానికి ఇంతవరకూ పేరు లేదు. అదేమని అడిగితే, "పెట్టడానికి నేనెవర్ని? అదేమన్నా నన్నడిగిందా?" అంటుంది.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అనే ద్వీపపు పట్నంలో, బెల్మాంట్ పేటలో ఆవిడ కాపురం మేడమీద. కింద అవెరిల్ లెజామా పుస్తకాల షాపు. కాబట్టి జబ్బు టాంటీది, తలనొప్పి అవెరిల్‌ది. పొద్దున్నే అరలకు 'చరిత్ర', 'వంటలు', 'ప్రేమ' అని అట్టముక్కలు అంటిస్తుందా, మధ్యాహ్నానికి ఒక్కటీ ఉండదు. ఓ పెద్దమనిషి ప్రేమ నవల అనుకుని కుక్కల పెంపకం పుస్తకం కొనుక్కుపోయాడు. మర్నాడే తిరిగొచ్చాడు. డబ్బు వెనక్కివ్వడానికి అవెరిల్ సొరుగు తీసింది. ఆయన మాత్రం, "రెండో భాగం ఉందా అమ్మా?" అన్నాడు.

"టాంటీ, నా షాపు జోలికి రాకు, నీకు దణ్ణం పెడతాను," అని అవెరిల్ ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

పేటంతా టాంటీ అని పిలుచుకునే ఈ పిన్నిగారు రాసేది సైన్స్ ఫిక్షన్. బడిలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక శనిగ్రహం చుట్టూ ఊళ్ళు కట్టడం మొదలుపెట్టింది. మొదటి నవలలో అంతరిక్షనౌకలో గాలి తయారుచేసే యంత్రం చెడిపోతుంది. దాన్ని జానపదగాథ అని ఒక పత్రిక రాసింది. ఇంకొకటి మాంత్రిక వాస్తవికత అంది.

"మంత్రమా? ఎక్కడుందే మంత్రం?" అని టాంటీ ఆ పత్రిక పట్టుకుని మెట్లు దిగొచ్చి అవెరిల్ మీద పడింది, అదేదో అవెరిలే రాసినట్టు. "వాల్వు చెడిపోయింది. వాల్వు మార్చారు. దొరలు మారిస్తే సైన్సూ, మనవాళ్ళు మారిస్తే మంత్రమూనా?"

రెండో నవలను నల్లజాతి స్త్రీ హృదయవేదన అన్నారు. అందులో కథానాయకుడు ఎనిమిది కాళ్ళ జంతువు. "వాడు ఆడదీ కాదు, నల్లవాడూ కాదు, ఆకుపచ్చ. వాడికి వేదన ఏముంది? ఆకలి తప్ప!" అని టాంటీ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"పోనీ టాంటీ, నువ్వు నల్లదానివేగా, అంటే ఏం పోయింది?" అంది అవెరిల్ ఒకసారి, విసిగిపోయి.

"నల్లదాన్నే. మా ఇంట్లో అద్దముంది. సిగ్గుపడే రకాన్ని కాదు. కానీ అది చదివి, లోపల ఏముందో తెలిసిపోయిందనుకుని పుస్తకం తెరవకుండా పెట్టేస్తారు చూడు, అక్కడ మండుతుంది నాకు."

పుస్తకాలతో మొదలైన ఈ జబ్బు నిరుటి వరద తర్వాత వంటింటికి పాకింది. ఆ వరదకు పేటంతా మునిగింది. అవెరిల్ షాపులో కింది అరలన్నీ నాని ముద్దయ్యాయి. గుట్ట మీది చర్చివాళ్ళు సాయం కింద తిండి డబ్బాలు పంచుతూ వస్తే అవెరిల్ గడప దగ్గరే ఆపేసింది. "ఇది పుస్తకాల షాపండీ. నేను ఓనర్ని. బిచ్చగత్తెను కాను," అని తలుపు వేసుకుంది. లోపలికెళ్ళి కాసిని బిస్కెట్లు తిని పడుకుంది.

ఇదిగో ఆ రోజుల్లోనే టాంటీ తన వంటింట్లో సీలు వేసిన తిండి డబ్బాలన్నిటికీ లేబుళ్ళు పీకి బట్టలూడదీసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇరుగుపొరుగును భోజనానికి పిలవడం మొదలుపెట్టింది. కల్లాలూ ఆకుకూర, 'మాకరోనీ పై' అనే కాల్చిన వంటకమూ తనే వండుతుంది. బల్ల మధ్యలో మాత్రం వెండిగుట్టలా లేబుళ్ళు లేని డబ్బాలు. తలా ఒకటి తెరవాలి, ఏదొస్తే అది తినాలి. పోయేటప్పుడు తలా కొన్ని ఇంటికి మోసుకుపోవాలి. వద్దంటే తిడుతుంది.

ఎన్ని అనర్థాలని! సార్డీన్ చేపల మీద పైనాపిల్ ముక్కలు. బఠాణీల మీద చిక్కటి తియ్యటి పాలు. స్టీల్ డ్రమ్ములకు శ్రుతి చేసే ముసలి బెర్ట్రాండ్ ఓసారి పిల్లి తిండి డబ్బా తెరిచి, మిరపకాయ సాస్ దట్టించి మొత్తం లాగించేశాడు. సంగతి చెబితే, "అలాగా? ఇంకోటుందా?" అన్నాడు.

పిచ్చిదాన్ని ఎవరు నొప్పిస్తారులే అని అవెరిల్ వారం వారం వెళ్ళేది, తినేది, డబ్బాలు మోసుకొచ్చేది. ముసలావిడను సంతోషపెట్టడానికే సుమా అని తనకు తను చెప్పుకునేది.

ఇంతలో టాంటీ కొత్త నవల లండన్‌లో అచ్చయింది. అచ్చువేసిన కంపెనీ మనిషి హార్గ్రీవ్ దొర, ఆదివారం అవెరిల్ షాపులో జరిగే ఆవిష్కరణకు స్వయంగా వస్తున్నాడు. అంతా సవ్యంగా జరిగితే ఆ కంపెనీ పుస్తకాలన్నీ ఈ ద్వీపంలో అమ్మే హక్కు అవెరిల్‌ది. జరగకపోతే నెలాఖరుకు షాపుకు తాళం. వరద తర్వాత షాపు కోలుకున్నదే లేదు.

పుస్తకాల పెట్టె వచ్చింది. తెరిచి చూసి అవెరిల్ నెత్తి పట్టుకుంది. ప్రతి పుస్తకం నడుముకూ ఓ ఎర్రకాగితం పట్టీ. దాని మీద ఇంతింత అక్షరాలు: 'నల్లజాతి సైన్స్ ఫిక్షన్ మహారాణి!'

"టాంటీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క ఆదివారం చేతులు కట్టుకు కూర్చో."

"ముట్టుకోను. ఒట్టు."

"దేని మీద ఒట్టు?"

"పిల్లి మీద."

"దానికి పేరే లేదుగదా, ఒట్టు ఎవరి మీద పడుతుంది?"

"నీకు మరీ అనుమానం ఎక్కువే పిల్లా," అంది టాంటీ.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అవెరిల్ షాపు తలుపు తీసింది. బల్ల మీద పుస్తకాలు బోసిగా కూర్చుని ఉన్నాయి. ఒక్కదానికీ పట్టీ లేదు. పిల్లి వాటి పక్కన పడుకుని ఒళ్ళు నాక్కుంటోంది.

అవెరిల్ మేడ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. అరవబోయి నోరు మూసుకుంది. హార్గ్రీవ్ దొర అప్పటికే బల్ల దగ్గర కూర్చుని, బెర్ట్రాండ్ పక్కన, చేతిలో లేబులు లేని డబ్బా పట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. తెరిచాడు. పేరులేని పిల్లి వెనకాలే వచ్చి, తిన్నగా ఆయన ఒళ్ళోకి దూకింది. డబ్బాలో ఏముందో అందరికీ అర్థమైపోయింది.

"అదృష్టవంతుడివయ్యా," అన్నాడు బెర్ట్రాండ్, మనస్ఫూర్తిగా.

"ఇంకోటి తెస్తానుండండి!" అని అవెరిల్ వంటింట్లోకి పరుగెత్తింది. ఈ ముసలిదాన్ని ఇవాళ చంపి జైలుకెళతాను, ఎటూ షాపు పోయింది కదా, అని పళ్ళు నూరుకుంటూ డబ్బాల కోసం వెతికింది. తొట్టి కింద గోరువెచ్చని నీళ్ళ బకెట్‌లో కొన్ని డబ్బాలు నానుతున్నాయి. లేబుళ్ళు ఊడి నీళ్ళమీద తేలుతున్నాయి. ఎర్రటి అక్షరాలు. 'గుట్ట చర్చి. పేదలకు ఉచితం.'

అవెరిల్ అక్కడే చతికిలబడింది. తను గడప దగ్గర తిప్పికొట్టిన డబ్బాలే ఇవి. ఆదివారం ఆదివారం టాంటీ చేతుల మీదుగా తనింటికి నడిచొచ్చాయి. బెర్ట్రాండ్ ఇంటికీ అంతే. ఏ డబ్బా కొన్నదో, ఏది దానంగా వచ్చిందో తెలిస్తేగా సిగ్గుపడటానికి! పిచ్చిదాన్ని భరిస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ. ఎవరు ఎవర్ని భరించినట్టు? సిగ్గుతో మొహం కందిపోయింది. ఆ వెనకే నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు లేక చేతిగుడ్డ నోట్లో కుక్కుకుంది.

"ఏం చేస్తున్నావే అక్కడ? దొర ఆకలితో చస్తున్నాడు!" అని టాంటీ గుమ్మంలోకి వచ్చింది. బకెట్‌నూ అవెరిల్‌నూ మార్చి మార్చి చూసింది.

"డబ్బా వెతుకుతున్నా టాంటీ."

"ఏ డబ్బా?"

"నాకేం తెలుసు? లేబులేమన్నా ఉంచావా?"

టాంటీ కాలితో బకెట్‌ను ఇంకాస్త లోపలికి నెట్టింది.

అవెరిల్ తెచ్చిన డబ్బాను దొర అనుమానంగా చూశాడు. "ఇందులో ఏముందండీ?"

"ఈ ఇంట్లో అలా అడగం," అంది అవెరిల్. "తెరిచి చూడండి."

పీచ్ పళ్ళు. దొర ప్రాణం లేచొచ్చింది. రెండు ముక్కలు తిన్నాక అసలు ప్రశ్న వేశాడు. "కింద పుస్తకాలు చూశాను. మా పట్టీలు ఏమయ్యాయి?"

టాంటీ నోరు తెరిచేలోపే, "నేనే పీకేశానండీ," అంది అవెరిల్.

టాంటీ చేతిలో గరిటె జారి కల్లాలూలో పడింది.

"మీరా? ఎందుకని?"

"ఆ పట్టీ చూస్తే మావాళ్ళు లోపలేముందో తెలిసిపోయిందనుకుని పోతారు. పట్టీ లేకపోతే ఏముందోనని తెరుస్తారు. ఒక్కసారి తెరిచారా, ఇంక టాంటీ వదిలిపెట్టదు. నా మాట తప్పయితే మీ హక్కు ఇంకెవరికైనా ఇచ్చుకోండి." ఇంత మాట తన నోట్లోంచి వచ్చినందుకు అవెరిల్‌కే ఆశ్చర్యమేసింది.

సాయంత్రం జనం వచ్చారు. "ఏమిటిది? ప్రేమకథా?" అని ఒకావిడ, "దెయ్యాలా?" అని ఇంకొకాయన. "తెరిచి చూడండి," అంది అవెరిల్ అందరితోనూ. తెరిచారు. ఒకావిడ నిలబడే చదువుతూ మొగుడు పిలిచినా పలకలేదు. ఇంకొకాయన మొదటి పేజీలో పగలబడి నవ్వి మూడో పేజీలో కళ్ళు తుడుచుకున్నాడు. దీపాలు పెట్టేవేళకు బల్ల ఖాళీ.

దొర టై మీద పీచ్ రసం మరకతోనే అవెరిల్ చేయి పట్టుకుని ఊపాడు. "హక్కు మీదే. వచ్చేసారి పట్టీలు పంపను."

"పంపవయ్యా," అంది టాంటీ. "కాగితం మంచిది. పిల్లి కింద పరుస్తాను."

మరుసటి ఆదివారం అవెరిల్ ఒక సంచి మోసుకుని కాస్త ముందే మేడెక్కింది. తెచ్చిన డబ్బాలను ఎవరూ చూడకుండా గుట్టలో కలిపేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. భోజనాల దగ్గర టాంటీ ఒక డబ్బా తీసి, కళ్ళజోడు సవరించుకుని తిప్పి తిప్పి చూసింది. అంచున సగం చిక్కుడుగింజ బొమ్మ ఇంకా అంటుకునే ఉంది.

"ఎవరే ఈ వెధవపని చేసింది?"

అవెరిల్ పైకప్పు వైపు చూసింది.

"చన్నీళ్ళతో పీకారు! గోరువెచ్చని నీళ్ళల్లో నానబెట్టాలని కూడా తెలీదు ఈ కాలం వాళ్ళకి!" అని కసురుకుని, మిగిలిన ముక్కను గోటితో గీకేసి, టాంటీ ఆ డబ్బాను బెర్ట్రాండ్ సంచిలో పడేసింది.

"ఏముంటుంది ఇందులో?" అన్నాడు బెర్ట్రాండ్ ఆశగా, పిల్లి వైపు చూస్తూ.

"తెరిచి చూసుకో!" అన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే.