తలుపు మూసి వేసిన సినిమా

డెబ్బై నాలుగు చలికాలంలో నన్ను ప్రభుత్వ ప్రచార విభాగం సంచార సినిమా యూనిట్‌లో ఆపరేటరుగా అరకు వేశారు. హోదా డ్రైవరు కంటే ఒక మెట్టు పైన, ఫీల్డు ఆఫీసరు కంటే చాలా మెట్లు కింద. జీపు, జనరేటరు, పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, మడతపెట్టే తెల్లగుడ్డ తెర నా బాధ్యత. మైదానంలో మా ప్రదర్శనలు చీకటి పడ్డాక ఆరుబయట ఉండేవి. కొండల్లో అది కుదరదు. సంతకొచ్చినవాళ్ళు పొద్దు వాలకముందే ఊళ్ళకు నడక మొదలుపెడతారు. అందుకని మిట్టమధ్యాహ్నం, సంతలోని రేకుల షెడ్డులో, కిటికీలకు గోనెసంచులు కట్టి వేసేవాళ్ళం.

ఆ ఏడు మాకిచ్చిన సినిమా కుష్ఠువ్యాధి గురించి. పదిహేను నిమిషాల ఒకే రీలు. అందులో పనికొచ్చే దృశ్యం ఒక్కటే. ఒక గిరిజన యువకుడి వీపు మీద, ఒంటి రంగు కంటే కాస్త పాలిపోయిన మచ్చ. ముట్టుకున్నా స్పర్శ తెలియని మచ్చ. దాన్ని మొదట్లోనే గుర్తుపట్టి మాత్రలు వేసుకుంటే నయమవుతుంది, ఆలస్యం చేస్తే వేళ్ళు వంకర్లు పోతాయి. మిగతా రీలంతా ఉపన్యాసం.

మొదటి సంతలో ఆట అయ్యాక, రీలు వెనక్కి చుట్టుకుంటుంటే సుక్రి అనే ఆవిడ నా దగ్గరికొచ్చింది. సంతలో అల్లం అమ్ముకునే మనిషి.

"ఏటి బాబూ, మచ్చ మచ్చ అన్నారు, ఏదీ? నాకేటీ అగుపడ్నేదు. ఆడి ఈపంతా నల్లగానే ఉంది" అంది.

ఎందుకు అడుగుతున్నావమ్మా అంటే గొంతు తగ్గించింది. కూతురికి నడుము దగ్గర ఏదో మచ్చ లేచిందట. అదో కాదో తేల్చుకోకుండా, సంతలో మాత్రలిచ్చే నర్సమ్మకు చూపిస్తే, ఊళ్ళో పేరు పడిపోతుంది, పిల్లను ఊరి చివర వేరే పాకలో పెడతారు. "అదే అయితే సూపిత్తాను బాబూ. కాపోతే గుంటని ఎందుకు అల్లరి పెట్టడం?" అంది.

ఈ సంగతి ఫీల్డు ఆఫీసరుకు చెప్పాను. ఆయన షెడ్డు గుమ్మంలో బల్ల వేసుకుని హాజరు రాస్తున్నాడు. తల ఎత్తకుండానే, వాళ్ళ ఒళ్ళే నలుపు కదయ్యా, నల్లటి ఒంటి మీద మచ్చేం కనిపిస్తుంది, నువ్వు రీలు తిప్పు చాలు అన్నాడు. సుక్రి అక్కడే ఉంది, అంతా వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనూ సముద్రపొడ్డు ఎండలో మాడిన నల్లటి మనిషినే. నా ఫొటోలో నా ముఖం కనపడకపోతే ఫొటోగ్రాఫర్ని తిడతాను గానీ మా అమ్మను తిట్టను కదా.

రీలును భూతద్దంతో చూశాను. మచ్చ ఉంది, పలచగా ఉంది. నీడ ఎంత తొందరగా నలుపులోకి దిగిపోతుందో చెప్పే కొలతను మా వృత్తిలో గామా అంటారు. ఆ ప్రింటులో అది కాస్త ఎక్కువే. అది లాబొరేటరీ వాళ్ళ చేతిలో పని, నేను మార్చలేను. మరి నా చేతిలో ఏముంది? నా పెట్టెలో తెలుపు నుంచి నలుపు దాకా పదకొండు మెట్ల బూడిదరంగు పట్టీ ఉన్న ఫిల్ము ముక్క ఒకటి ఉండేది. మరో సంతలో ఆటకు ముందు దాన్ని వేసి చూశాను. ఆరు మెట్లే తెలిశాయి. కింది అయిదూ ఒకటే ముద్ద. ఆపరేటర్లం అందరం చేసే తప్పే నేనూ చేశాను, పెద్ద బల్బు బిగించాను. బొమ్మలో ఆకాశం, చొక్కాలు తెల్లగా వెలిసిపోయాయి గానీ నీడలో ఒక్క మెట్టే అదనంగా తేలింది.

అప్పుడు బుర్రకు తట్టింది. ప్రొజెక్టరు వెలుతురునే వేస్తుంది, నలుపును వెయ్యలేదు. తెర మీద నలుపంటే ఆ షెడ్డులో ఎంత చీకటి ఉందో అంతే. మేమేమో కిటికీలకు గోనెలు కట్టి, తలుపు మాత్రం బార్లా తెరిచి కూర్చున్నాం. కారణం హాజరు. షెడ్డులో పట్టేది అరవై మంది. తలుపు తీసి ఉంటే బయట నిలబడినవాళ్ళనూ, అటుగా పోయేవాళ్ళనూ కలిపి ఆఫీసరు నాలుగు వందలని రాసేవాడు. పై ఆఫీసుకు కావలసింది ఆ అంకే.

మళ్ళీ సుక్రి వచ్చే సంతకు వెళ్ళినప్పుడు తలుపు మూద్దామన్నాను. హాజరు పడిపోతుంది, కుదరదన్నాడు ఆఫీసరు. తీసి ఉంచితే నేను ప్రొజెక్టరు మోటారు వెయ్యనన్నాను. మెమో ఇస్తానన్నాడు. రాసుకోండి సార్ అని, బల్లను నేనే బయటికి జరిపి, తలుపు వేసి గడియ పెట్టాను. వెలుతురు చిక్కబడేలా ప్రొజెక్టరును ముందుకు జరిపి బొమ్మ చిన్నది చేశాను. పట్టీలో తొమ్మిది మెట్లు తేలాయి. సంతకు ఒకే ఆట అని రూలు. బయట జనం మిగిలిపోయారు కాబట్టి మూడు ఆటలు వేశాను.

రెండో ఆటకు సుక్రి వచ్చింది, పక్కన దుప్పటి కప్పుకున్న కూతురు. వీపు దృశ్యం రాగానే షెడ్డంతా గుసగుసలు. సుక్రి కూతురి చెయ్యి పట్టుకుని, "ఇదే. ఇదేనే" అంది. ఆట అవ్వగానే తనే నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నర్సమ్మ పిల్ల కళ్ళు మూయించి, మచ్చ మీద దూదిపోగు ఆనించి చూసింది. పిల్లకు తెలియలేదు. ఆ రోజే మాత్రలు మొదలుపెట్టారు. నర్సమ్మ మా యూనిట్ మనుషులకు కూడా పిల్ల పేరు చెప్పలేదు.

వెళ్ళేముందు సుక్రి ఆఫీసరు బల్ల ముందు ఆగింది. "నల్లోలమే బాబూ. తలుపేసీసరికి అగుపడింది" అని, అల్లం బుట్ట ఎత్తుకుని పోయింది.

మెమో మాత్రం వారంలో వచ్చింది. హాజరు తగ్గించడం, అనుమతి లేని అదనపు ఆటలు, పై అధికారి ఆజ్ఞ ధిక్కారం అని మూడు అభియోగాలు. మూడూ నిజమేనని జవాబు రాశాను. తలుపు తీసి వేసిన ఆటల్లో మచ్చను చూసినవారు ఎందరో ఆఫీసరుగారు తెలియజేయాలని కింద ఒక వాక్యం చేర్చాను. ఆ జవాబుకు నన్ను స్టోర్సుకు బదిలీ చేశారు. రెండేళ్ళు ఇంక్రిమెంటు ఆగింది.

తరువాత మళ్ళీ ప్రొజెక్టరు దగ్గరికొచ్చి, రిటైరయ్యేదాకా ఆ పనే చేశాను. తెర మీద ఏదైనా కనపడలేదని ఎవరన్నా అంటే, వాళ్ళ కళ్ళనూ ఒళ్ళునూ అనుమానించలేదు. ముందు గదిని, తరువాత యంత్రాన్ని, చివర రీలును చూశాను. తప్పు దాదాపు ఎప్పుడూ ఆ మూడింటిలోనే దొరికింది. చూడనివాళ్ళను చూసినట్టు రాసిన ఏ హాజరు మీదా నేను సంతకం పెట్టలేదు.