ఫుజైరాలో బాప్తిస్మం, నలభై దినాల నియమం

శుక్రవారం ఉదయం ఆరున్నరకు దుబాయ్‌లోని దేరా స్టాండులో ఫుజైరా టాక్సీ ఎక్కాను. మనిషికి ఇరవై ఐదు దిర్హాములు. సీట్లన్నీ నిండితే గాని కారు కదలదు. బైబిలు పాఠశాలలో ముప్పై ఏళ్ళు సంఘ చరిత్ర బోధించి విరమించిన పాదిరిని నేను. తమ్ముణ్ణి చూడడానికి దుబాయ్ వచ్చానని తెలిసి, ఫుజైరా తెలుగు ప్రార్థన కూటంవారు ఒక పసివాడికి బాప్తిస్మమిచ్చి, మధ్యయుగ సంఘంలో స్త్రీ స్థానాన్ని గురించి ప్రసంగించమని పిలిచారు.

ఏడుంబావుకు చివరి సీటు నిండింది. వచ్చినామె సుగుణ, భీమవరం అమ్మాయి, ఆ కూటంలోని నర్సు. డ్రైవరు "యల్లా" అంటూ కారు కదిలించాడు. దారిలో సుగుణ మాట కలిపింది.

"మీరు బాప్తిస్మమిచ్చే బాబును ఎల్లుండి నాతోనే నరసాపురం పంపుతోందండి వాళ్ళమ్మ కరుణ. సెలవైపోతోంది, డ్యూటీకెళితే చూసేవాళ్ళెవరండి? మళ్ళీ చూసుకునేది రెండేళ్ళకేనండి. బాప్తిస్మానికేమో తల్లిని హాల్లోకి రావద్దన్నారు. నలభై రోజులు నిండలేదంట."

"ఎన్ని అయినవి?"

"ముప్పైమూడండి."

"నియమం నియమమే."

"అలాగేనండి. కూటం జరిగేది ఆవిడింట్లోనేనండి, అయ్యగారూ."

నేను కిటికీవైపు తిరిగాను. ధైద్‌లో టీ తాగాము. మసాఫీ దాటాక కొండలు దగ్గరకు వచ్చాయి. తొమ్మిదిన్నరకు ఫుజైరా చేరాము.

కరుణ ఇంటి మెట్లవద్ద సంఘపెద్ద దేవదాసు ఎదురొచ్చాడు. ఒకప్పటి నా విద్యార్థి, ఇప్పుడు రేవులో గుమాస్తా.

"బిడ్డ తల్లిని వంటగదిలో కూర్చోబెట్టాం మాస్టారూ. అంతా మీరు చెప్పినట్టే." అట్టవేసిన పాత నోటుబుక్కు విప్పి చూపించాడు.

నేను చెప్పి రాయించిన పాఠమే అది. మధ్యయుగ బోధకులు హవ్వ తప్పును ప్రతి స్త్రీమీదా మోపారు, మరియను మాత్రం కొనియాడారు. ప్రసవించిన తల్లి నలభై దినాలు గుడి వెలుపలే ఉండి, తరువాత కొవ్వొత్తి పట్టుకొని ద్వారంవద్ద నిలిస్తే, యాజకుడు చేయిపట్టి లోపలికి తెచ్చేవాడు. దాని కింద పుట ఖాళీగా ఉంది. కాన్పయిన గడియలోనే తల్లి గుడికి వచ్చి స్తుతించినా పాపం కాదని అంతకు ఎంతో ముందే రోము పోపు ఒకరు లేఖ రాశారు. దానిని మరుసటి తరగతికి ఉంచాను. ఏ ఏడూ ఆ తరగతి జరగలేదు.

హాల్లో అందరి ఎదుటా, "దేవదాసూ, మిగతా పాఠం రాసుకో," అని ఆ లేఖ సంగతి చెప్పాను.

రాసి, తల గోక్కున్నాడు. "పరీక్షలో ముందు సగమే రాసి పాసయ్యానండి, మాస్టారూ."

"తప్పు నీది కాదు. సగం చెప్పినవాడిది."

వంటగదికి వెళ్ళాను. కరుణ బిడ్డను ఒక చేత్తో పొదువుకొని కూర కలుపుతోంది.

"ఇక్కడ్నించే వింటానండి, అయ్యగారూ. కూర మాడిపోతుంది."

"స్టవ్ ఆపమ్మా. బిడ్డను తల్లే ఎత్తుకోవాలి. అది క్రమం."

చేయి పట్టుకొని తీసుకురావడానికి ఆమె చేతులు ఖాళీ లేవు. తానే ముందు నడిచింది, నేను వెనుక వచ్చాను. నీళ్ళు పడగానే పసివాడు కేకపెట్టాడు. "ఖలాస్ నాన్నా, అయిపోయింది, ఖలాస్," అంటూ ఆమె ఏడ్చింది.

నాలుగింటి టాక్సీలో తిరిగి బయలుదేరాను. దారి బాగుంది, కొండలు చూడదగినవి. కాని ముప్పై ఏళ్ళలో నా తరగతినుంచి వెళ్ళినవారు ఎన్ని ఊళ్ళలో సంఘపెద్దలై, ఎందరు తల్లులను వంటగదుల్లో కూర్చోబెట్టారో నాకు తెలియదు. దుబాయ్ చేరిన సాయంత్రమే, చిరునామా తెలిసిన మొదటి విద్యార్థికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.