మావయ్య పడుకోబెట్టిన గేమ్ పెట్టె

టీవీ రిపేరు నేర్చుకుని సర్టిఫికెట్ చేతికొచ్చిన కొత్తలో లోకంలో ఉన్న ప్రతి వస్తువూ విప్పి బిగించడానికే పుట్టినట్టు కనిపిస్తుంది. నాకు దానికి తోడు కోపం కూడా ఎక్కువ. "నీకు వచ్చునా?" అని ఎవరైనా అడిగితే చాలు, ఒళ్ళు మండిపోయేది. (ఇప్పటికీ మండుతుంది. కాకపోతే ఇప్పుడు బీపీ మాత్ర వేసుకుంటున్నాను.) ఆ కాలంలో మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, నర్సీపట్నం బస్టాండు దగ్గర వీడియో గేమ్స్ షాపు నడిపేవాడు. షాపంటే ఒక రేకుల గది, అందులో మూడు పెట్టెలు. ఒక్కో పెట్టె బీరువా అంత ఉండేది, పైన టీవీ ట్యూబు, దాని కింద హ్యాండిలూ బటన్లూ. మూలనున్న విమానాల ఆట మరీ పాతది. ఆడీ ఆడీ పిల్లలకి కంఠతా వచ్చేసి, అటువైపు ఎవరూ వెళ్ళడం మానేశారు. అందరికీ ఇద్దరు మనుషులు తన్నుకునే ఆట కావాలి. మావయ్య విసిగిపోయి, ఆ పెట్టెని కోడిగుడ్ల కొట్టువాడికి బీరువాగా ఇచ్చేస్తానన్నాడు.

"ఎందుకు మావయ్యా, లోపల బోర్డు మార్చీస్తే ఆట మారిపోతాది. ఎంత పని!" అన్నాను.

"నీకొచ్చేటి?" అన్నాడు మావయ్య.

ఇంకేముంది! ఆ మర్నాడే విశాఖపట్నం బస్సెక్కాను. బోర్డు అమ్మినవాడు తన దగ్గరున్న తెరకి తగిలించి చూపించాడు. వస్తాదులిద్దరూ నిటారుగా నిలబడి శుభ్రంగా తన్నుకున్నారు. దాన్ని పిల్లాణ్ణి పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, పెట్టెలో తల దూర్చి మూడు రోజులు తీగలు అతికించాను. అయ్యాక ఒకసారి వేసి చూద్దామంటే మావయ్య స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాడు. దసరా నాడు పదీ ఇరవైకి ముహూర్తం పెట్టించాడట. ఈలోగా తెర వెలగకూడదట.

"టెస్టింగు సెయ్యకుండా ఎలాగ మావయ్యా?"

"పెళ్ళికి ముందు ఓసారి తాళి కట్టి సూస్తారేటిరా?"

ఈ పాఠం ఏ సర్టిఫికెట్లోనూ లేదు. పళ్ళు నూరుకుంటూ పెట్టె తలుపు బిగించేశాను.

దసరా పొద్దున్న గుమ్మానికి మామిడాకులు, పెట్టె నిండా పసుపూ కుంకుమ బొట్లు, పంతులుగారు, ఇరుగుపొరుగు కొట్లవాళ్ళు, ఆటోవాళ్ళు, సెలవుల్లో ఉన్న పిల్లలు. నేను కొత్త చొక్కా వేసుకుని, చెయ్యబోయే నమస్కారాలు కూడా సిద్ధం చేసుకుని నిలబడ్డాను. కొబ్బరికాయ కొట్టి మావయ్య స్విచ్చి వేశాడు. తెర వెలిగింది. వస్తాదులిద్దరూ గోడకి కాళ్ళు తన్నిపెట్టి, అడ్డంగా పడుకుని కొట్టుకుంటున్నారు.

"ఆళ్ళు గోడెక్కి కొట్టుకుంటన్నారేటండీ?" అన్నాడు ఒక ఆటో ఆయన. గదంతా గొల్లుమంది.

విషయం నాకు ఆ క్షణంలోనే తెలిసింది. విమానాలు కింద నుంచి పైకి ఎగురుతాయి కాబట్టి పాత ఆటకి ట్యూబుని నిలువుగా బిగించారు; ఈ తన్నులాటకి అది అడ్డంగా ఉండాలి. మూడు రోజులు దాని పక్కనే తల పెట్టుకుని కూర్చున్న నేను అది చూడనేలేదు. నాలుగు స్క్రూలు, అరగంట పని. "ఆపు మావయ్యా, ట్యూబు తిప్పాల!" అని అరిచాను. ముహూర్తానికి వెలిగించినది ఆర్పడానికి వీల్లేదన్నాడు. ఆ తర్వాత జనం వైపు తిరిగి, తొణక్కుండా బెణక్కుండా ఇలా అన్నాడు:

"మా వోడు మెకానిక్కండీ. కావాలనే అలాగెట్టేడు. పెట్టిని పడుకోబెట్టి ఆడాల. ఇదే కొత్త పద్దతి."

బస్టాండు నుంచి మూటలు మోసే కలాసీల్ని ఇద్దర్ని పిలిపించి, వెలుగుతున్న పెట్టెని వెలుగుతుండగానే, పక్క కొట్లోంచి తెప్పించిన బియ్యం బస్తాల మీద పక్కకి పడుకోబెట్టించాడు. వస్తాదులు లేచి నిలబడ్డారు. జనం చప్పట్లు కొట్టారు. హ్యాండిల్ మాత్రం పక్కకి వచ్చింది. మనిషి కుడికి నడవాలంటే హ్యాండిల్ కిందికి నొక్కాలి. నేల మీద గొంతుక్కూర్చుంటే గానీ చెయ్యి అందదు. నా చదువుకి, నా పనితనానికి జరిగిన అవమానం చూస్తుంటే నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. అత్త పులిహోర ఆకులో పెట్టి చేతికిస్తున్నా విదిలించుకుని మా ఊరు రావికమతం బస్సెక్కేశాను. (దారి పొడుగునా ఆ పులిహోర గుర్తొచ్చి కోపం రెట్టింపయింది.)

వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఉండబట్టలేక వెళ్ళాను. పెట్టె ఇంకా పడుకునే ఉంది! దాని ముందు వరస! పిల్లలు పీటలు తెచ్చుకుని మరీ కూర్చుని, హ్యాండిల్ కిందికీ పైకీ నొక్కుతూ ఆరితేరిపోయారు. మావయ్య భోజనానికి వెళ్ళాడు. ఇక నేను ఆగలేదు. అందర్నీ బయటికి తరిమి, పెట్టె విప్పి, ట్యూబు తిప్పి, నలుగురి చేత పట్టించి నిలబెట్టాను. నేను చెప్పినట్టే అరగంట పట్టింది. మళ్ళీ లోపలికొచ్చినవాళ్ళు మెచ్చుకుంటారని చేతులు తుడుచుకుంటూ చూశాను.

"పడుకోబెట్టీయన్నా, ఇలాగైతే మాకు రాదు," అన్నాడొక గుంటడు.

"అంటే మరి ఆ రోజు తప్పు పెట్టేడన్నమాట," అన్నాడు ఆ ఆటో ఆయనే. ఈసారి గది గొల్లుమంటే సర్దిచెప్పడానికి మావయ్య కూడా లేడు.

అప్పుడే వచ్చిన మావయ్య గుమ్మంలోంచే నిలబడ్డ పెట్టెని చూశాడు. నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అన్నాడు: "నీ తప్పు ఎవుడికీ తెలీకూడదని పడుకోబెట్టేన్రా. నువ్వే లేపీసి ఊరందరికీ సెప్పీసినావు."

ఆ మాటకి కూడా నాకు కోపమే వచ్చింది. ముందే చెబితే ఏం పోయేది అనిపించింది. (అందరి ముందూ ఎలా చెబుతాడన్న ఆలోచన రావడానికి మరో పదేళ్ళు పట్టింది.)

ఇప్పుడు ఆ షాపు లేదు. అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మొన్న మావయ్యని చూడ్డానికి వెళ్తే, మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఫోన్లో కుస్తీలు చూస్తున్నాడు. "ఒరే, నాను పడుకుంటే ఈళ్ళూ పడుకుంటన్నార్రా. సూడు," అని ఫోను నా చేతికిచ్చాడు. తెర తిరగకుండా ఒక గుర్తు నొక్కాను. వస్తాదులు ఆయన కళ్ళకి నిటారుగా నిలబడ్డారు. నా అరగంట పని, ఒక్క వేలితో! సిగ్గులేని ఫోను మీద ఒళ్ళు మండింది.

"బేగి సేసీసినావే," అని మావయ్య మళ్ళీ కుస్తీలో పడిపోయాడు. ఫోను ఇచ్చేటప్పుడు "నీకొచ్చేటి?" అని మాత్రం అడగలేదు. ఒక్కసారి అడిగి ఉంటే బాగుండుననిపించింది.